గోవా వెళ్తే ఏ గ్లాసు? ఉర్రాక్, ఫెనీ, కొత్త కాక్‌టెయిల్స్‌లో మీకు ఏది నప్పుతుంది

గోవా వెళ్లిన మనవాళ్లలో చాలామంది ఫెనీని, అంటే అక్కడ జీడిపండు రసంతో కాచే మద్యాన్ని, జీవితంలో ఒక్కసారే తాగుతారు. చివరి రోజు షాపులో చిన్న సీసా కొంటారు. రూమ్‌కి వచ్చి ప్లాస్టిక్ గ్లాసులో పోసి, ఏది ఉంటే ఆ కూల్‌డ్రింక్ కలిపి ఒక గుక్క మింగుతారు. ఆ వాసనకి ముఖం చిట్లించి, "ఇదీ మన నాటుసారా లాంటిదే" అని తేల్చేసి బీరుకి వెళ్లిపోతారు. నా మొదటి ట్రిప్పులో మేమూ అంతే. తర్వాత ఒక ఏప్రిల్ మధ్యాహ్నం, ఎండకి తాళలేక దక్షిణ గోవాలో ఓ పల్లెటూరి తవెర్నాలో కూర్చున్నప్పుడు ఉర్రాక్ పోసిచ్చారు, అదే పండుతో కాచే తేలికపాటి మద్యం. తవెర్నా అంటే అక్కడి చిన్న మందు కొట్టు. ఆ గ్లాసుతో నా అభిప్రాయం పూర్తిగా మారిపోయింది.

ఇప్పుడు గోవాలో ఈ పాత సరుకుతో కొత్త కాక్‌టెయిల్స్ చాలా చేస్తున్నారు. మెనూలో నాలుగైదు పేర్లు కనిపిస్తాయి, ఏది ఏంటో తెలియదు. ఏది అడగాలో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

## ముందు ఇవి చూసుకోండి

మీరు వెళ్లే నెల. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఫెనీ జీడిపప్పుతో చేసేది కాదు, జీడిపండుతో చేసేది. కొన్ని ఊళ్లలో ముంతమామిడి పండు అంటారే, అదే. పండు కోతకొచ్చేది ఫిబ్రవరి చివరి నుంచి మే దాకా. నేలరాలిన పండ్లను ఏరి, గింజ తీసేసి, తొక్కి రసం తీస్తారు. ఈస్ట్ ఏమీ కలపరు, రసం దానంతట అదే మూడు రోజులు పులుస్తుంది. దాన్ని బట్టీలో ఒకసారి కాస్తే వచ్చేది ఉర్రాక్. ఆ ఉర్రాక్‌ని మళ్లీ పులిసిన రసంతో కలిపి రెండోసారి కాస్తే ఫెనీ. ఉర్రాక్ ఎక్కువ కాలం నిలవ ఉండదు కాబట్టి మార్చి నుంచి మే వరకే దొరుకుతుంది. ఫెనీ ఏడాది పొడుగునా ఉంటుంది.

ఎంత ఘాటు. ఉర్రాక్‌లో ఆల్కహాల్ సుమారు 15 శాతం, ఫెనీలో 42 శాతం పైనే. ఇక్కడే మనవాళ్లు లెక్క తప్పుతారు. 60 మి.లీ. ఫెనీలో అసలు ఆల్కహాల్ 25 మి.లీ. దాకా ఉంటుంది. ఉర్రాక్ తేలికే కదా అని గ్లాసులో 180 మి.లీ. పోసుకుంటే అందులో 27 మి.లీ. ఉంటుంది, అంటే పెద్ద పెగ్గు కన్నా ఎక్కువ. నిమ్మసోడా తాగినట్టే ఉంటుంది కాబట్టి మూడు గ్లాసులు గంటలో అయిపోతాయి. లేచి నిలబడ్డాక గానీ సంగతి తెలియదు.

పండు వాసన ఎంత కావాలి. ఫెనీ అనే పేరు కొంకణిలో నురగ అనే మాట నుంచి వచ్చిందంటారు. మన "ఫేనం" కూడా ఆ కుటుంబంలోదే. కానీ ఫెనీని పట్టిచ్చేది నురగ కాదు, వాసన. మాగి పగిలిన జీడిపండు వాసన. పలాస, వేటపాలెం వైపు జీడితోటల్లో తిరిగినవాళ్లు మూత తీయగానే గుర్తుపడతారు. కొత్తవాళ్లకి అదే మొదట ఇబ్బంది పెడుతుంది. ఒక్కో కాక్‌టెయిల్ ఈ వాసనని ఒక్కోలా చూస్తుంది. కొన్ని దాన్ని ముందుకు తెస్తాయి, కొన్ని మెత్తబరుస్తాయి, కొన్ని పూర్తిగా కప్పేస్తాయి. కప్పేసేవాటికి డబ్బులు పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. ఫెనీ రుచే తెలియని ఫెనీ కాక్‌టెయిల్ కోసం గోవా దాకా వెళ్లక్కర్లేదు.

తీపి, తిండి. వేపిన చేప నంజుకుంటూ తాగాలంటే ఉప్పు, పులుపు ఉన్నవి బాగుంటాయి. భోజనం అయ్యాక ఒక్క గ్లాసు చాలనుకుంటే కాస్త తీపి ఉన్నా ఫర్వాలేదు.

## ఒక్కచూపులో

| పానీయం | ఎప్పుడు | ఘాటు | పండు వాసన | తీపి | దేనితో బాగుంటుంది |
|---|---|---|---|---|---|
| ఉర్రాక్, లిమ్కా, పచ్చిమిర్చి | మార్చి–మే మాత్రమే | తక్కువ | తాజాగా, తేలిగ్గా | మధ్యస్థం | వేపిన చేప, మధ్యాహ్నం ఎండ |
| ఫెనీ, కోకమ్, సోడా | ఏడాదంతా | మధ్యస్థం | తెలుస్తుంది, గుచ్చుకోదు | తక్కువ | రొయ్యలు, కారం వంటలు |
| ఫెనీ కైపిరిన్యా | ఏడాదంతా | ఎక్కువ | బాగా తెలుస్తుంది | మధ్యస్థం | తిండికి ముందు |
| ఫెనీ సోర్ | ఏడాదంతా | ఎక్కువ | మెత్తబడుతుంది | బార్‌ని బట్టి | విడిగా |
| కొబ్బరి ఫెనీ, కొబ్బరినీళ్లు | ఏడాదంతా, ఎక్కువగా దక్షిణ గోవాలో | మధ్యస్థం | జీడి వాసన ఉండదు | తక్కువ | సాయంత్రం, తేలికపాటి తిండి |
| దుక్‌షిరీ, సోడా | ఏడాదంతా, వెతకాలి | మధ్యస్థం | వేరు వాసన ముందు | తక్కువ | భోజనం తర్వాత |

## ఉర్రాక్, లిమ్కా, పచ్చిమిర్చి: అసలు సిసలైనది

ఆ ఏప్రిల్ గ్లాసు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. పొడవాటి గాజు గ్లాసు. అడుగున మూడు ఐసు ముక్కలు. నిలువునా చీరిన పచ్చిమిర్చి ఒకటి, గింజలతో సహా. నిమ్మచెక్క పిండి, ఆ చెక్కనీ గ్లాసులోనే వదిలేశారు. వేళ్లతో చిటికెడు ఉప్పు. సగం కంటే తక్కువ ఉర్రాక్, పైన లిమ్కా. స్పూను పెట్టి కలపలేదు. లిమ్కా పడగానే బుడగలు మిర్చిని చుట్టుకున్నాయి, అది మెల్లగా పైకి లేచింది.

మొదటి గుక్కలో మనం ఊళ్లో తాగే ఉప్పు నిమ్మసోడాయే గుర్తొస్తుంది. రెండో గుక్క దిగాక పండు వాసన గొంతు వెనక నుంచి ముక్కులోకి వస్తుంది. సగం గ్లాసు అయ్యేసరికి మిర్చి ఊరి పెదవుల మీద సన్నగా మంట మొదలవుతుంది. జీడిపండు కొరికితే గొంతు పట్టేసే వగరు మాత్రం ఇందులో ఉండదు, బట్టీలోనే పోతుంది.

ఇప్పుడు దీనికీ మార్పులు వచ్చాయి. లిమ్కా బదులు టానిక్ వాటర్, పచ్చిమిర్చి బదులు తులసి, కొన్నిచోట్ల పుచ్చకాయ రసం. టానిక్‌తో చేసింది నాకు నచ్చింది. చక్కెర తగ్గి, ఆ సన్నటి చేదు పండు వాసనకి బాగా అతుకుతుంది. పుచ్చకాయ రసంలో మాత్రం ఉర్రాక్ మునిగిపోతుంది. ఉర్రాక్ చాలా సుకుమారం. ఏది కలిపినా తక్కువే కలపాలి.

ఒక జాగ్రత్త. సీజన్‌లో రోడ్డు పక్కన వాడేసిన నీళ్ల సీసాల్లో ఉర్రాక్ అమ్ముతుంటారు. ఎవరు కాచారో, ఎప్పుడు కాచారో తెలియని సరుకు కొనకండి. లైసెన్సు ఉన్న తవెర్నాలోనో బార్‌లోనో కూర్చుని తాగండి. నవంబరులో ఎవరైనా "ఫ్రెష్ ఉర్రాక్" అంటే లేచి వచ్చేయండి.

## ఫెనీ, కోకమ్: డిసెంబరులో వెళ్లేవాళ్లకి నా మొదటి ఓటు

మనలో ఎక్కువమంది గోవా వెళ్లేది డిసెంబరు, జనవరిలోనే. అప్పుడు ఉర్రాక్ ఉండదు. దానికి దగ్గరగా వచ్చే గ్లాసు ఇదే.

కోకమ్ కొంకణ తీరపు పులుపు. మన వంటింట్లో చింతపండు చేసే పని అక్కడి చేపల పులుసులో ఇది చేస్తుంది. దీని పులుపు చింతపండంత బరువుగా ఉండదు, ముదురు ఎరుపు రంగు దిగుతుంది. ఫెనీలో కోకమ్ రసం, నిమ్మ, ఉప్పు, చీరిన పచ్చిమిర్చి, సోడా కలిస్తే ఉర్రాక్ గ్లాసు పోలికలే కనిపిస్తాయి, అయితే ఇంకాస్త లోతుగా. పణజి పాత పేట ఫోంతాయినాస్‌లోని జోసెఫ్ బార్ ఇలాంటి గ్లాసుకి పేరుపడింది. దాన్ని "తాంబ్డీ రోజా" అంటారు. తాంబ్డీ అంటే కొంకణిలో ఎరుపు. బార్ చాలా చిన్నది, జనం గ్లాసులు పట్టుకుని బయట సందులో నిలబడతారు. కుటుంబంతో తీరిగ్గా కూర్చోవాలంటే పెందలాడే వెళ్లాలి.

ఈ మార్పు నాకు ఇంతగా నచ్చడానికి కారణం ఒకటుంది. ఫెనీ, కోకమ్ రెండూ ఆ నేలవే. పులుపు ఫెనీ గరుకుదనాన్ని సర్దుతుంది గానీ పండు వాసనని మింగేయదు. వాసనకి భయపడేవాళ్లకి మొదటి మెట్టుగా నేను దీన్నే ఇప్పిస్తాను.

అడిగేటప్పుడు ఒక్క మాట కనుక్కోండి: కోకమ్ నానబెట్టిన రసమా, సీసాలో వచ్చే తీపి సిరప్పా? సిరప్ అయితే చక్కెర బాగా తగ్గించమనండి.

## ఫెనీ కైపిరిన్యా: చెట్టు వచ్చిన దారి

కైపిరిన్యా బ్రెజిల్‌వాళ్ల పానీయం. చెరకు రసంతో కాచిన కషాసాలో నిమ్మముక్కలు, చక్కెర వేసి దంచి, ఐసు వేసి ఇస్తారు. గోవాలో కషాసా బదులు ఫెనీ పోస్తారు. ఈ జోడీ బలవంతంగా కుదిర్చింది కాదు. జీడిచెట్టు పుట్టింది బ్రెజిల్‌లో. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు దాన్ని గోవాకి తెచ్చారు. మనం "కాజు" అనే మాట కూడా అక్కడి తూపీ భాషలోని "అకాజు" నుంచి వచ్చిందే.

ఇందులో సోడా లేదు, లిమ్కా లేదు. కాబట్టి ఫెనీ ఎదురుగా నిలబడి పలకరిస్తుంది. ఇప్పటికే విస్కీనో రమ్మునో చప్పరిస్తూ తాగే అలవాటున్నవాళ్లకి ఇది. కొన్ని బార్లలో తెల్ల చక్కెర బదులు గోవా కొబ్బరిబెల్లం వేస్తారు. అలా దొరికితే వదలకండి. మన తాటిబెల్లంలో ఉండే పొగ వాసన లాంటిదే ఇందులోనూ ఉంటుంది, ఫెనీ పక్కన అది చక్కగా కూర్చుంటుంది. ఒకటి చాలు. రెండోది అడిగేముందు పావుగంట ఆగండి.

## ఫెనీ సోర్, ఇతర బార్ ప్రయోగాలు

నిమ్మరసం, చక్కెర పాకం, గుడ్డు తెల్లసొన వేసి గట్టిగా షేక్ చేస్తే సోర్. పైన తెల్లటి నురగ నిలుస్తుంది. తాగడానికి పట్టులా ఉంటుంది, వాసన తగ్గుతుంది, ఫొటోకి బాగుంటుంది. చేసేవాళ్ల చేతిలో ఉంది అంతా. ఒకసారి బీచ్ దగ్గర ఓ పెద్ద బార్‌లో ఆర్డర్ చేస్తే పాకం ఎంత పోశారంటే, ఫెనీ ఉందో లేదో మా నలుగురిలో ఒక్కరం కూడా చెప్పలేకపోయాం. బిల్లు మాత్రం తవెర్నాలో రెండు రోజుల ఖర్చంత అయింది.

గుడ్డు తినని వాళ్లు ముందే చెప్పాలి. తెల్లసొన వాడుతున్నట్టు మెనూలో రాయని చోట్లూ ఉంటాయి.

## కొబ్బరి ఫెనీ: జనం పట్టించుకోనిది

మనకి తాటికల్లు, ఈతకల్లు ఎలాగో గోవాలో కొబ్బరికల్లు అలాగ. దాన్ని కాస్తే కొబ్బరి ఫెనీ వస్తుంది. జీడిచెట్టు గోవాకి రాకముందే కొబ్బరిచెట్టు అక్కడ ఉంది. కానీ చెట్టెక్కి కల్లు గీసేవాళ్లు తగ్గిపోతున్నారు, పిల్లలు ఆ పనిలోకి రావడం లేదు. మన ఊళ్లలో గీత కార్మికులది కూడా ఇదే కథ కదా. అందుకే దొరికినచోట ఒక గ్లాసు అడగండి అంటాను.

జీడిఫెనీ వాసన అస్సలు పడనివాళ్లకి ఇది మంచి దారి. మెత్తగా ఉంటుంది, గుప్పున కొట్టదు. కొత్తగా చేసేవాళ్లు కొబ్బరినీళ్లు, నిమ్మ ఆకు వేసి ఇస్తున్నారు. సాయంత్రం వేళ రెండు గంటలు కబుర్లు చెప్పుకుంటూ తాగడానికి దీన్ని మించింది లేదు. దక్షిణ గోవాలో సాల్‌సెట్, కానకోన వైపు వెళ్లేవాళ్లు తప్పక అడగండి.

## దుక్‌షిరీ: రాయలసీమవాళ్లు ఇట్టే గుర్తుపట్టేది

దుక్‌షిరీ ఫెనీ అంటే ఒక వేరు నానబెట్టిన ఫెనీ. తెల్లటి ఫెనీ లేత తేనె రంగుకి మారుతుంది. మొదటిసారి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు కడప బస్టాండు గుర్తొచ్చింది నాకు. కారణం తర్వాత తెలిసింది: ఆ వేరు మరేదో కాదు, మన సుగంధిపాల. నన్నారి షర్బత్ చేసేది దాంతోనే. గోవా ఇళ్లలో కడుపునొప్పికి ఈ ఫెనీ చెంచాడు తాగే అలవాటు ఉంది. మనం మాత్రం దాన్ని మందుగా కాకుండా రుచి కోసమే తాగుదాం.

సోడా, ఒక్క నిమ్మచెక్క, ఐసు చాలు. నన్నారి తాగి పెరిగినవాళ్లకి ఈ పట్టికలో మొదట చూపించేది నేను దీన్నే. అన్ని బార్లలో ఉండదు. ఫెనీని శ్రద్ధగా పెట్టే చోట అడగాలి.

## మీరు ఎవరైతే ఏది

బీరు తప్ప వేరే అలవాటు లేనివాళ్లు సీజన్‌లో ఉర్రాక్‌తో, మిగతా నెలల్లో కోకమ్‌తో మొదలుపెట్టండి. ఫెనీ 30 మి.లీ.నే పోయమనండి.

విస్కీ తాగేవాళ్లు ముందు 30 మి.లీ. ఫెనీ విడిగా, ఐసు లేకుండా తెప్పించుకుని వాసన చూడండి. రెండు చుక్కలు అరచేతిలో వేసి రుద్ది, స్పిరిట్ ఘాటు ఎగిరిపోయాక మళ్లీ చూడండి. మంచి సరుకైతే చేతికి పండు వాసన మిగులుతుంది. అది నచ్చితే కైపిరిన్యా, లేకపోతే దుక్‌షిరీ.

పదిమంది ఫ్రెండ్స్ గుంపుగా వెళ్తే ఒక్కొక్కరికీ కాక్‌టెయిల్ చెప్పకండి. ఒక సీసా ఫెనీ, సోడా, కోకమ్, నిమ్మకాయలు, పచ్చిమిర్చి టేబుల్ మీద పెట్టించుకోండి. ఎవరి పాళ్లు వాళ్లు కలుపుకోవచ్చు, ఖర్చూ తగ్గుతుంది.

తాగడం కన్నా తెలుసుకోవడం మీద ఆసక్తి ఉంటే మార్చి, ఏప్రిల్‌లో బట్టీ చూపించే చోటుకి వెళ్లండి. కాండోలిమ్‌లో ఫెనీ చరిత్ర చూపించే "ఆల్ అబౌట్ ఆల్కహాల్" మ్యూజియం ఉంది. కాన్సావులిమ్‌లో "కాజులో" అనే ఫెనీ బ్రాండ్ వాళ్లు ఫెనీని వరసగా రుచి చూపించే ఏర్పాటు చేశారు. ఏదైనా ముందే ఫోన్ చేసి బుక్ చేసుకోండి. జీడిఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, 2016లో గోవా ప్రభుత్వం దాన్ని వారసత్వ పానీయంగా గుర్తించింది. నాటుసారా అన్న ముద్ర నుంచి అక్కడిదాకా రావడానికి కాచేవాళ్లు ఎంత శ్రమపడ్డారో అక్కడ అర్థమవుతుంది.

తాగని వాళ్లు కూడా ఈ రుచి వదులుకోనక్కర్లేదు. సీజన్‌లో తొక్కిన గుజ్జు నుంచి చుక్కచుక్కగా జారే తియ్యటి రసాన్ని "నీరో" అంటారు. పులియకముందే, ఆ పొద్దుటే తాగాలి. మిగతా నెలల్లో కోకమ్ సోడా ఉప్పు వేసి అడగండి, లేదా కొబ్బరిపాలతో చేసే సోల్‌కడీ.

షుగర్ ఉన్నవాళ్లు లిమ్కా, సిరప్ ఉన్నవి పక్కనపెట్టి సోడాతో చేసినవే చూడండి. మందులు వాడుతుంటే డాక్టర్‌ని అడిగాకే ఏదైనా. గోవాలో తాగడానికి 21 ఏళ్లు నిండాలి.

అద్దె స్కూటీ మీద తిరిగేవాళ్లకి ఒక మాట. ఈ జాబితాలో ఏ గ్లాసు తాగినా ఆ రోజుకి స్కూటీ పార్కింగ్‌లోనే ఉండాలి. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే కేసు, మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా. ఆ దారులు సన్నం, మలుపులు ఎక్కువ. టాక్సీ డబ్బులు ముందే పక్కన పెట్టుకోండి.

## ఇంటికి తెచ్చుకోవాలంటే

ఉర్రాక్ గురించి ఆలోచించకండి, దారిలోనే రుచి పోతుంది. ఫెనీ అయితే లేబుల్, సీలు ఉన్న సీసానే కొనండి, బిల్లు దాచుకోండి. విమానంలో చెక్-ఇన్ బ్యాగులో పెట్టాలి, చేతి సంచిలో 100 మి.లీ. దాటితే తీసుకెళ్లనివ్వరు. బయటి రాష్ట్రం మద్యం ఎంత తెచ్చుకోవచ్చన్నది ఆంధ్రాలో, తెలంగాణలో ఎక్సైజ్ నిబంధనల మీద ఉంటుంది, అవి మారుతుంటాయి. బయల్దేరేముందు చూసుకోండి. గోవా దాటడానికి పర్మిట్ కావాలా అని షాపులోనే అడిగితే చెబుతారు.

ఇంట్లో మేం కలుపుకునేది ఇది. ఫెనీ 45 మి.లీ., నన్నారి సిరప్ 15 మి.లీ., సగం నిమ్మకాయ రసం, చిటికెడు ఉప్పు, ఐసు, పైన 120 మి.లీ. చల్లటి సోడా. పచ్చిమిర్చి నిలువునా చీరి వేయండి, రెండు నిమిషాలు ఆగి తాగండి. మిర్చి మరీ కారమైనదైతే గింజలు దులిపేయండి, గుంటూరు రకాలకి సగం ముక్క చాలు.